కుక్క ఆగిన చోటు

తైమి కెరానెన్‌కి రెండు ఉద్యోగాలు.
పగలు, తీరానికీ దీవికీ మధ్య గడ్డకట్టిన సముద్రాన్ని
రెండు వందల అడుగులకోసారి తొలిచి
మంచు మందం కొలిచి పలక మీద రాయడం:
మూడు టన్నులు. అయిదు టన్నులు. ఇవాళ ఎవరూ వద్దు.
రాత్రి, అచ్చం అదే పని, కాగితం మీద.

నేను పాల లారీ డ్రైవర్ని.
ఫిబ్రవరి అంతా ఆ మంచు దారి మీదే నా రాకపోకలు.
సీటు బెల్టు పెట్టుకోకూడదు, మధ్యలో ఆపకూడదు,
కిటికీ అద్దం కాస్త దించి ఉంచాలి.
నా కథ చదివేవాడికీ ఇవే చెబుతానంటుంది.

ఉన్నట్టుండి ఏదో అడుగుతుంది నన్ను:
ఊపిరి లారీ అద్దం మీద ముందు ఏ మూల గడ్డకడుతుంది?
డబ్బాలో పాలు వెనక్కి ఊగేటప్పుడు
నీ వెన్నుకి తెలుస్తుందా, చేతులకా?
చెప్పింది డీజిల్ రశీదు వెనక రాసుకుంటుంది.
అందులో ఒక్క ముక్కా ఏ కథలోనూ నాకు కనపడలేదు.

ఒకసారి కాఫీ దగ్గర నేనే అడిగాను,
ఇవన్నీ మీకెక్కడ తడతాయని.
జవాబు చెప్పకుండా బరమా నా చేతికిచ్చింది.
తిప్పాను. భుజాలు దిగిపోయాయి.
తెల్లటి పొడి, తెల్లటి పొడి,
ఉన్నట్టుండి పిడి తేలికై
నల్లటి నీళ్ళు వాటంతటవే పైకొచ్చి నా బూట్లు తడిపాయి.
"దాన్ని నువ్వు తేలేదు, తొలిచావంతే" అంది.
ఆ మాట నాకు నచ్చలేదు. ముందే వండి పెట్టుకున్నట్టుంది.
తనకీ నచ్చలేదేమో,
"అబద్ధంలే. సగం రోజులు నీళ్ళు కూడా రావు,
అడుగున ఇసుకే తగులుతుంది" అంది.

అసలు సంగతి తుయిస్కు.
ఆవిడ కుక్క. బూడిదరంగు, ఒక చెవి వాలి ఉండేది.
ఓ మార్చిలో, దారి పక్కన పాతిన ఏడో గుర్తుకొమ్మ దగ్గర
నాలుగు కాళ్ళూ బిగబట్టి ఆగిపోయింది.
పిలిస్తే రాదు, లాగితే రాదు.
అక్కడే తొలిచి చూసింది: అరవై సెంటీమీటర్లు.
నా లారీ, దాని వెనక ఇంకో లారీ నిలబడతాయి.
కుక్క మాత్రం అడుగు పెట్టనంది.

ఆ చోటు గురించి మూడేళ్ళు రాసింది.
మొదటి ప్రతిలో మంచు కింద మునిగిపోయిన పిల్ల ఉండేది.
"చవక" అని కొట్టేసింది.
రెండోదాంట్లో యుద్ధకాలపు గుర్రబ్బండి, గంటలతో సహా.
గంటలు బావున్నాయని ఒక చలికాలమంతా ఉంచి చూసి,
అవి మోగినప్పుడల్లా ఇంకేదీ వినపడటం లేదని తీసేసింది.
చివరికి మిగిలింది
కుక్క, ఆగడం,
తాడు పట్టుకున్న ముసలాడు
చుట్టుదారిన ఇంటికి పోవడం.
ఎందుకో రాయలేదు.

ఎందుకో నాకు తెలుసు.
ముందురోజు అక్కడే, నియమం తప్పి లారీ ఆపి దిగితే
ఆ కుక్క మొరుగుతూ మీదికొచ్చింది.
బూటుకాలితో తన్నాను. గట్టిగానే.
మూడేళ్ళు ఆవిడతో కాఫీ తాగాను, చెప్పలేదు.
మొదట సిగ్గేసి.
తర్వాత, చెబితే కథ అక్కడికక్కడే మునుగుతుందని.
సాహిత్యానికి నేను చేసిన సేవ అదొక్కటే.

పుస్తకం వచ్చింది. దీవిలో ఇంటికో ప్రతి.
తుయిస్కు పోయి చాలా కాలమైంది.
ఏటా సముద్రం కరుగుతుంది, కొత్త మంచు కడుతుంది,
ఏ చోటూ ఆ చోటు కాదు.
అయినా ఏడో కొమ్మ దగ్గర
అందరి కార్లూ కాస్త నెమ్మదిస్తాయి.
నా లారీ కూడా.

నిరుడు ఆ దరిదాపుల్లో, దించిన అద్దంలోంచి
ఏదో వినపడింది, మంచు లోపల, సాగదీసి మూలిగినట్టు.
నా బూటు సంగతి నాకు బాగానే గుర్తుంది.
కానీ ఇప్పుడది
ఎవరో తొందరపడి రాసిన మొదటి ప్రతిలా ఉంది,
కొట్టేయాల్సినట్టు.